మూడో వీధి ఊపిరి

చీకటి ద్వాదశి

నింద పడ్డవాళ్లు రోజూ ఏదో ఒకటి రాయాలట. రాసిన పలకని విచారణ నాడు తీర్పరి రూతమ్మ గారికి అప్పగించాలట. చదవండి రూతమ్మ గారూ, బడిలో ఉన్నప్పుడు కూడా నా రాతని ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

నా పేరు పైడితల్లి. నాగావళి గుహ చెడుగుడు జట్టులో కూతకు వెళ్లేదాన్ని. "వెళ్లేదాన్ని" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. పొద్దున నా మణికట్టుకి ఎర్ర పట్టీ కట్టారు. అది ఉన్నంతకాలం నేను గీత దాటకూడదు, ఆటహాలు గడప కూడా తొక్కకూడదు.

నా మీద పడ్డ నేరం గాలి దొంగతనం. మొన్న దశమి నాడు చంపావతి గుహ వాళ్లతో మాకు ఆట. చందమామ మీద చీకటి పక్షం కదా, పక్షమంతా సూర్యుడు లేడు, కరెంటు పొదుపు, గాలి పొదుపు. ఏ వీధికి ఎంత గాలి అన్నది ముందే కొలిచి పెడతారు. అలాంటి రోజున, ఆటహాలు తలుపు పక్కనున్న, గాలిని ఇటూ అటూ మళ్లించే గాలిచక్రం తిరిగింది. మూడో వీధికి పోవాల్సిన గాలి మా హాల్లోకి వచ్చింది. నేను వరసపెట్టి కూతకు వెళ్లి, వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకర్ని అవుట్ చేసి వచ్చాను. హాలంతా నా పేరు పెట్టి అరుస్తున్నప్పుడు, మూడో వీధి వంటశాలలో సన్యాసమ్మ పిన్ని పొయ్యి దగ్గర కుప్పకూలింది. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. చక్రం మీద అన్నిటికన్నా పైనున్న చేతిముద్ర నాది.

ముట్టుకున్న మాట నిజమే. ఆటకి వెళ్లే ప్రతివాళ్లూ ముట్టుకుంటారు. భూమ్మీద మా తాతలు మట్టిని తాకి కళ్లకద్దుకుని బరిలోకి దిగేవారట. ఇక్కడి చందమామ మట్టి గాజుపొడి, ముట్టుకుంటే చెయ్యి కోస్తుంది, పీలిస్తే గొంతు కోస్తుంది. అందుకని మేం ఊపిరినిచ్చే చక్రానికి మొక్కి లోపలికి వెళతాం. కూతకు వెళ్లేది చివర్న మొక్కాలి, అది ఆనవాయితీ.

గాలిశాఖ ఆఫీసరు చక్రం ముందు నిలబడి చెయ్యి ఆనించి చూశాడట, ఇసుమంత కూడా కదల్లేదట. కాబట్టి కావాలని తిప్పితేనే తిరుగుతుందని రాసిపారేశాడు. నేను తిప్పలేదు. ఆ రోజు నాకు ఊపిరి హాయిగా అందిన మాట మాత్రం నిజం. అది నా గొప్పే అనుకున్నాను.

చీకటి చతుర్దశి

మా గుహలో జైలు లేదు. మనిషిని ఊరికే కూచోబెట్టి గాలి పొయ్యడానికి మాకంత స్తోమత లేదు. దెబ్బతిన్నవాళ్ల పని నింద పడ్డవాళ్లు చెయ్యాలి. మొదటి తరంవాళ్లు పెట్టిన పద్ధతి ఇది. కాబట్టి సన్యాసమ్మ పిన్ని కోలుకునేదాకా మూడో వీధి వంటశాల నాది.

నేను వండిన అంబలి తిన్నవాళ్లకి నేను దొంగని కాదని చెప్పినా నమ్మరు. ఇక్కడ బరువు భూమ్మీద బరువులో ఆరో వంతు. గరిటె కాస్త గట్టిగా తిప్పితే అంబలి గిన్నెలోంచి లేచి ముఖాన పడుతుంది. మెల్లగా తిప్పితే ఉండలు కడుతుంది. పిన్ని ఎలా తిప్పేదో ఎవరికీ తెలీదు, అడిగినా నాకు చెప్పేవాళ్లు లేరు. వీధి వీధంతా గిన్నెలతో వచ్చి, నా వైపు చూడకుండా పోయించుకుని పోయారు. ఒక ముసలాయన మాత్రం రుచి చూసి, "ఇది చోడి అంబలా, గోడకి పూసే గచ్చా?" అన్నాడు. ఇవాళ నాతో మాట్లాడిన మనిషి ఆయనొక్కడే, పోనీలే అనుకున్నాను.

వంటశాల గోడకి నా బొమ్మ ఒకటి ఉంటుంది. కూతలో ఉండగా తీసింది, పిన్నే అంటించుకుంది. ఇప్పుడు దాన్ని ఎవరో గోడవైపుకి తిప్పి పెట్టారు.

మా ఆటకి వచ్చే జనంలో మూడో వీధివాళ్లు ముందు వరస. మా జట్టు మనిషి కూత ఎత్తితే చూసేవాళ్లు కూడా ఊపిరి బిగబడతారు. గాలి కొలిచి వాడుకునే మా చోట అంతకంటే పెద్ద మర్యాద లేదు. హాలు గోడ మీద గాలిముల్లు ఉంటుంది, ఎంత గాలి ఖర్చవుతోందో చూపిస్తుంది. మనవాళ్లంతా బిగబడితే ఆ ముల్లు కిందికి పడుతుంది. అది పడటం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. సన్యాసమ్మ పిన్ని చివరిదాకా, ముఖం కందిపోయేదాకా బిగబట్టేది. ఆవిడ ఊపిరే పోయేలా చేశానంటున్నారు. ఈ మాట రాయగానే ఏడుపొచ్చింది. గిన్నెలు తోముకోవడానికి వెళ్లాను.

వెలుగు విదియ

సూర్యుడొచ్చాడు. పైన అద్దాలు తిప్పితే వెలుగు బావిలోంచి ఎండ గుహలోకి దిగింది. జనమంతా పనులు ఆపుకుని ఎండలో నిలబడ్డారు. నేను నిలబడ్డ చోటికి ఎవరూ రాలేదు, దాంతో నాకు బోలెడంత ఎండ దొరికింది.

అప్పలస్వామి మాస్టారు వచ్చారు. నాకు చెడుగుడు నేర్పింది ఆయనే. మంచి కబురైతే దూరం నుంచే అరుస్తారు. ఇవాళ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"పున్నమికి జట్టు పేర్లు ఇచ్చీయాలే పైడీ. ఎర్ర పట్టీ ఉన్నోల్ల పేరు రాయడానికి నేదు."

"నా సంగతి పున్నమి తర్వాత తేలితే ఫైనలు పోయినట్టేనా?"

"వొచ్చే సీజను దాకా ఆగాల. నీకు ముప్పై దగ్గర పడతన్నాది. బరువు చొక్కా ఏసుకోకుండా సీజనంతా కూకుంటే ఎముక ఆగదు. నీకు నాను సెప్పాలేటి?"

చెప్పక్కర్లేదు. బరువు లేని చోట ఎముక గుల్లబారుతుంది. అందుకే ఆటగాళ్లం రోజూ సీసపు బిళ్లలు కుట్టిన చొక్కా వేసుకుని సాధన చేస్తాం. ఆ చొక్కాలు హాల్లో ఉన్నాయి, హాలు గడప నాకు నిషేధం.

"మాస్టారూ, నేను తిప్పానని మీరు నమ్ముతున్నారా?" అని అడిగాను.

ఆయన ఎండకేసి తిరిగారు. "నువ్వు తిప్పనేదంటే తిప్పనేదే. గానీ ఎవులో తిప్పాల గదే" అని వెళ్లిపోయారు. నమ్ముతున్నట్టో కాదో తేల్చని ఆ జవాబు రోజంతా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రం నుంచి నీళ్ల డబ్బాలు వీపుకి కట్టుకుని వంట చేస్తున్నాను. డబ్బాలు కట్టుకుని గుంజీళ్లు తీస్తుంటే అంబలి ముసలాయన చూసి, "ఈ పిల్లకి నిందతో పాటు పిచ్చి కూడా పట్టింది" అన్నాడు. ఈసారి కాస్త నవ్వాడు కూడా.

వెలుగు షష్ఠి

ఇవాళ ఒకటి చూశాను. రాసి తీరాలి. ఈ పూట రాసింది పలకలో ఉంచాలో చెరిపెయ్యాలో తర్వాత ఆలోచిస్తాను.

హాల్లో వంశధార వాళ్లతో ఆట. ఆటగాళ్లకి అంబలి మా వంతు. గడప తొక్కకుండా, తలుపుకి ఎదురుగోడ దగ్గర కుండ పెట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లలో ఆ చోట నేను ఊరికే నిలబడ్డది ఎప్పుడూ లేదు. ఎప్పుడూ గెంతుతూ వచ్చి లోపలికి పోయేదాన్నే.

గాలిచక్రానికి గాలిశాఖ వాళ్లు తీగ కట్టి సీలు వేశారు. తీగ వదులుగా వేలాడుతోంది. ముందు అంపైర్లు వచ్చారు. ఇక్కడ నడక అంటే గెంతడమే కదా. గెంతుతూ వచ్చి, చక్రం అంచు పట్టుకుని, ఆ ఊపున మలుపు తిరిగి, చెయ్యి కళ్లకద్దుకుని లోపలికి పోయారు. తర్వాత వంశధార జట్టు. తర్వాత మా కెప్టెన్, మాకు అక్కలాంటి నీలవేణప్ప, వెనకే మావాళ్లు. చేతులన్నీ ఒకే వైపుకి లాగుతున్నాయి, తలుపు అటువైపే ఉంది మరి. చివరి మనిషి లోపలికి పోయేసరికి ఇందాక వేలాడుతున్న తీగ బిగుసుకుపోయింది. వేలితో మీటితే టింగుమంది.

కుండ పక్కనే కూచున్నాను.

పాత చక్రం ఇనప ముద్దలా ఉండేది, ఇద్దరు పట్టి లాగితే గానీ కదిలేది కాదు. దానికి ఎంతమంది మొక్కినా ఏమీ కాలేదు. ఈ మధ్యే గాలిశాఖ వాళ్లు దాన్ని తీసేసి తేలికది పెట్టారు. మేం మాత్రం పాత అలవాటు కొద్దీ ఊగుతూ పట్టుకున్నాం. దశమి నాడు పొద్దుట్నుంచీ చిన్నవాళ్ల ఆటలు, తర్వాత పెద్దవాళ్ల ఆటలు. ఎన్ని చేతులు పడ్డాయో. ఒక్కొక్క చెయ్యి తిప్పింది వెంట్రుకవాసి. గాలిశాఖ ఆఫీసరేమో గుళ్లో దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడి ముట్టుకున్నాడు. అలా ముట్టుకుంటే ఎందుకు కదులుతుంది?

ఎవరూ కావాలని తిప్పలేదు. మేమందరం కలిసి తిప్పాం.

వెలుగు సప్తమి

పొద్దున్నే నీలవేణప్ప ఇంటికి పరిగెత్తాను. బరువు చొక్కాకి ఊడిన బిళ్ల కుట్టుకుంటోంది. అంతా చెప్పాను. మధ్యలో సూది ఆగింది. చెప్పడం అయిపోయాక మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

"ఇది రూతమ్మ గారికి సెప్పేస్తావేటి?"

"చెప్పొద్దా అప్పా?"

"సెప్తే ఏటవుతాదో ఆలోసించినావా? నీ ఒక్కదాని సేతికున్న పట్టీ మనందరి సేతులకీ కడతారు. మనకే కాదు, సంపావతోల్లకీ, వంశదారోల్లకీ. ఇంక పైనలెక్కడే? నాకిదే ఆకరు సీజను."

"నాకూ ఇదే ఆఖరుదయ్యేలా ఉంది కదప్పా."

"నువ్వొక్కదానివి పోతే ఆట ఉంటాది పైడీ. అందరం పోతే ఆటే ఉండదు." ఆమె దారం పళ్లతో తెంపింది. "నా మీద కోపం తెచ్చుకోకే. నిజమే సెప్తన్నాను."

కోపం తెచ్చుకోవద్దంటే రాకుండా పోతుందా? అంత కోపం నాకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు. అయినా తలుపు దాటి వచ్చేశాక, ఆమె మాటలో తప్పు వెతుకుదామంటే దొరకలేదు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఈ గుహలో ఆట లేదు. చీకటి పక్షం వస్తే జనం గదుల్లో పడుకుని గోడలకేసి చూసేవాళ్లు. ఆట వచ్చాకే మనుషులు మనుషుల్లా నవ్వడం నేర్చుకున్నారు. దాన్ని నా చేత్తో నేనే ఆపించాలా? పోనీ నోరు మూసుకుని దొంగనని ఒప్పుకుని జీవితాంతం గరిటె తిప్పాలా?

చెరిపేద్దామని నిన్నటి రాత తీశాను. చెరపలేదు.

వెలుగు దశమి

అంబలి ఇవాళ ఉండలు కట్టలేదు! కుండని కిందపెట్టి, గరిటెని కదపకుండా కుండనే తిప్పాలి. ఆ కిటుకు చెప్పింది ఎవరో కాదు, సన్యాసమ్మ పిన్నే.

ముక్కుకి గాలిగొట్టం, భుజాన చిన్న సిలిండరు. వంటశాల గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. నన్ను చూడలేదు, కుండని చూసింది.

"ఓలమ్మో, అలగేటే కలపడం? గరిటె ఒగ్గేయ్. కుండని తిప్పు."

తిప్పాను. ఆవిడ పీట మీద కూచుంది. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆగినప్పుడల్లా నా చేతిలో కుండ కూడా ఆగింది.

"నాను అడగడానికొచ్చినాను. నువ్వు తిప్పినావా, నేదా? అబద్దం సెప్పకు. నీ ఆట సూసినదాన్ని, నీ మొకం నాకు తెలుసు."

ఆవిడకి అబద్ధం చెప్పే మనిషి ఇంకా పుట్టి ఉండడు. "తిప్పాను పిన్నీ. నేనొక్కదాన్నే కాదు" అన్నాను. తీగ సంగతి, చేతుల సంగతి, నీలవేణప్ప అన్న మాట, అన్నీ చెప్పేశాను.

ఆవిడ ముక్కు గొట్టం సర్దుకుంది. తర్వాత మెల్లగా అంది. "అయితే మీరందరూ మొక్కి మొక్కి నా ఊపిరి తీసినారన్నమాట."

నేను ఏడ్చేశాను. ఊరుకోబెట్టలేదు. ఏడుపు అయ్యేదాకా కూచుంది.

"నన్నొక దొంగ సంపబోయిందనుకుంటే కోపమొచ్చింది. కోపం మంచిదే, తిన్నది అరుగుతాది. ఇప్పుడెవుల మీద కోపపడాలే?" అని లేచింది. "నీకు తెలిసింది నీ నోట్లోనే పెట్టుకున్నావనుకో, ఇంకో సీకట్లో ఇంకో ఈదిలో ఇంకోలు పడిపోతారు. అప్పుడు ఆలకి అంబలి ఎవులు కాస్తారు?"

వెళుతూ వెళుతూ గోడవైపు తిరిగి ఉన్న నా బొమ్మకేసి చూసింది. దాన్ని అలాగే వదిలేసి వెళ్లింది.

పలక ఇవాళే పంపించేస్తున్నాను రూతమ్మ గారూ. ఒక్క మాట కూడా చెరపలేదు.

వెలుగు త్రయోదశి

రూతమ్మ గారు పలక నాకు తిరిగిచ్చేసి, విచారణని హాలు తలుపు ముందు పెట్టారు. పొట్టి మనిషి, తెల్ల చీర, మెళ్లో చిన్న శిలువ. తీగ విప్పించారు. తలుపు పైన, మూడో వీధికి పోయే గాలిని చూపించే ముల్లు అందరికీ కనబడేలా దీపం పెట్టించారు. వెలుగు పక్షం కాబట్టి గాలికి కొదవ లేదు, ఎవరికీ ప్రమాదం లేదు. అయినా మూడో వీధివాళ్లంతా వచ్చారు. సన్యాసమ్మ పిన్ని కుర్చీలో కూచుంది.

"మూడు జట్లకీ కబురు పెట్టాను. బలవంతం చెయ్యలేదు. రావాలనుకున్నవాళ్లే వస్తారు. ముందు నువ్వు చూపించమ్మా" అన్నారు రూతమ్మ గారు.

గెంతుతూ వచ్చి, అంచు పట్టుకుని, మలుపు తిరిగి, కళ్లకద్దుకున్నాను. ముల్లు కదల్లేదు. గాలిశాఖ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. మళ్లీ చేశాను. కదల్లేదు. నేనొక్కదాన్నే అక్కడ కోతిలా గెంతుతుంటే జనం చూస్తున్నారు. నడవ అటు చివర ఖాళీగా ఉంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇంకొకసారి చేద్దామని వెనక్కి వెళ్లాను.

అప్పుడు వెనక నుంచి కేక వినిపించింది. "ఒసే పైడీ! కూతకెల్లేది ఆకర్నే గదే మొక్కాల? వరస తెలీదేటి నీకు? పక్కకి జరుగు!"

నీలవేణప్ప. బరువు చొక్కా వేసుకుని, ఆటకొచ్చినట్టే వచ్చింది. ఆమె వెనక మా జట్టంతా. నా పక్కనుంచి పోతూ నా ముఖం కేసి చూడలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గెంతి, అంచు పట్టుకుని, కళ్లకద్దుకుని నిలబడింది. తర్వాత మావాళ్లు ఒకరి వెనక ఒకరు. ముల్లు కొద్దిగా వణికింది. మాస్టారొచ్చారు. అంపైర్లు ఇద్దరు వచ్చారు. అక్కడితో అయిపోయింది అనుకుంటుండగా నడవ మలుపులో చంపావతి వాళ్ల నీలం చొక్కాలు కనిపించాయి. నేను ఓడించిన జట్టు. రాకపోయినా వాళ్లని అడిగేవాడు లేడు. వాళ్లూ వరసలో నిలబడ్డారు.

ముల్లు దిగడం మొదలైంది. వంశధార నుంచి నలుగురే వచ్చారు. నలుగురూ ముట్టుకున్నారు. ముల్లు ఎర్ర గీత దాటింది.

చివరన నేను. అంచు పట్టుకోబోతుంటే సన్యాసమ్మ పిన్ని గట్టిగా అంది. "సాల్లే తల్లీ. కనబడింది. కట్టేయండి దాన్ని."

గాలిశాఖ ఆఫీసరే పరిగెత్తుకెళ్లి చక్రం బిగించాడు. పాపం, అతని ముఖంలో నెత్తురు లేదు.

రూతమ్మ గారు అక్కడే తీర్పు చెప్పారు. దొంగతనం లేదు. అజాగ్రత్త ఉంది. అది మొక్కినవాళ్లదీ, తేలిక చక్రం పెట్టి, అది తిరగకుండా అడ్డుచీల పెట్టనివాళ్లదీ. దశమి నాటి గెలుపు చెల్లదు. వచ్చే చీకటి పక్షమంతా ఆటగాళ్లూ గాలిశాఖ వాళ్లూ వంతులవారీగా గాలి తయారయ్యే గాలిమిల్లులో పని చెయ్యాలి, ఆ పనిలో వచ్చిన అదనపు గాలి మూడో వీధిది. ఇక మీదట చీకటి పక్షంలో ఆట లేదు. ఫైనలు ఆ తర్వాతి వెలుగులో.

"ఉంటాదా పైనలు?" అంది నీలవేణప్ప, నమ్మలేనట్టు.

"ఉంటుందమ్మా. చూడాలని నాకూ ఉంది" అన్నారు రూతమ్మ గారు, నా పట్టీ కత్తిరిస్తూ.

చీకటి తదియ

ఇక రాయక్కర్లేదు. అలవాటైపోయింది, రాస్తున్నాను.

గాలిమిల్లులో గాలినిచ్చే నాచు తొట్లు కలియబెట్టే పని. చల్లగా, పచ్చగా, చేపల మార్కెట్టు వాసన. నా పక్క తొట్టి గాలిశాఖ ఆఫీసరుది. మూడు రోజుల నుంచి క్షమాపణ చెబుదామని నోరు తెరిచి, నాచు గురించి మాట్లాడుతున్నాడు. నేనూ నాచు గురించే మాట్లాడుతున్నాను.

జట్టు పేర్లలో నా పేరు ఉంది. మాస్టారు దూరం నుంచే అరిచి చెప్పారు. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "పేరు రాయడం నా సేతిలో పని. జనం సంగతి నాకు తెలీదే. పట్టీ తెగినాక కూడా మచ్చ ఉంటాది."

ఉంది. సందులో పోతుంటే ఒకావిడ నన్ను చూసి ముక్కు మూసుకుంది, నేను ఆమె గాలి కూడా లాగేసుకుంటానేమో అన్నట్టు. అందరూ కలిసి చేశారని ముల్లు చూపించినా, జనానికి గుర్తున్నది మొదట విన్న మాటే. పని అయ్యాక వంటశాలకి వెళ్లి పిన్నికి కుండ తిప్పి పెట్టి వస్తున్నాను. ఎవరూ చెప్పలేదు, నాకే వెళ్లాలనిపిస్తోంది. బొమ్మ ఇంకా గోడవైపే ఉంది.

వెలుగు పంచమి

ఫైనలు. చంపావతితో.

చక్రానికి అడ్డుచీల వేసి, చుట్టూ జాలీ బిగించారు. గెంతుతూ వచ్చిన మా చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఏం చెయ్యాలో తెలియక అందరం గుంపుగా నిలబడ్డాం. చివరికి నీలవేణప్ప తన అరచెయ్యి తన గుండె మీదే పెట్టుకుని లోపలికి నడిచింది. మేమూ అదే చేశాం.

మొదటి కూత నాదే. గీత దగ్గర నిలబడి జనం కేసి చూడకూడదనుకున్నాను. కూత ఎత్తి అవతలికి దూకాను. ఒక్క అడుగులోనే తెలిసిపోయింది. హాలంతా ఊపిరి పీలుస్తోంది. దగ్గులు, గుసగుసలు. ఎవరో చేగోడీలు కొరుకుతున్నారు, ఆ చప్పుడు కూడా వినబడింది. గోడ మీద ముల్లు ఉన్నచోటే ఉంది. మచ్చ ఉంటాదన్న మాస్టారి మాట గుర్తొచ్చి, కూత గొంతులో తడబడబోయింది.

నీలం చొక్కాలు నన్ను మూలకి తోస్తున్నాయి. మూల మీది పిల్ల కాలు ముందుకు పెట్టింది, చెయ్యి చాపితే అందుతుంది. అప్పుడే ముందు వరస కంటబడింది. సన్యాసమ్మ పిన్ని. ముక్కు గొట్టం తీసి ఒళ్లో పెట్టుకుంది. బుగ్గలు పూరించి, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉంది. ముఖం నల్లబడుతోంది. కళ్లు నా మీదే ఉన్నాయి.

నేను కూత ఆపితే గానీ ఆవిడ వదలదు. నాకు తెలుసు ఆ మొండితనం.

మూల మీది పిల్లని వదిలేసి వెనక్కి తిరిగాను. ఒకే గెంతులో గీత దాటి, కూత ఆపాను. పాయింటు లేదు. పిన్ని ఊపిరి వదిలి, దగ్గి, దగ్గి, గొట్టం ముక్కుకి పెట్టుకుంది.

"ఏటే, ఉత్త సేతుల్తో వొచ్చేసినావు?" అంది నీలవేణప్ప. నేను ముందు వరసకేసి చూపించాను. ఆమె కూడా చూసింది. మా జట్టువాళ్లు ఒక్కొక్కరే అటు తిరిగారు. వాళ్లని చూసి చంపావతి వాళ్లు. వాళ్లని చూసి జనం.

పిన్నికి రోషం వచ్చింది. కుర్చీలోంచే నా మీద కేకలేసింది. "నా కోసం ఆట సెడగొడతావేటే, పిచ్చి గుంటా! నాను బిగబట్టలేకపోతే ఈలందరూ సచ్చినారా?" అని మెడ వెనక్కి తిప్పి మూడో వీధి వాళ్లందరినీ ఒక చూపు చూసింది. అంబలి రెండోసారి అడిగినవాళ్లని అలాగే చూస్తుంది. చేగోడీల చప్పుడు ఆగిపోయింది.

నా వంతు మళ్లీ వచ్చింది. గుండె మీద చెయ్యి వేసుకుని, కూత ఎత్తి, దూకాను.

ముల్లు కేసి చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. నా కూత నాకే ఇంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు. అది తప్ప ఆ హాల్లో ఒక్క ఊపిరే వినిపిస్తోంది. సన్యాసమ్మ పిన్నిది. గొట్టంలోంచి, నింపాదిగా, లోపలికీ బయటికీ. దాన్ని వింటూ, అవతలి గీత దాకా వెళ్లాను.